తల లేని హంస, తొండం ఉన్న డబ్బా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గద్వాలలో ఎన్ని కంప్యూటర్లు ఉండేవో నేను లెక్కపెట్టలేదు గానీ, ఉన్నవాటిలో అన్నిటికంటే ఎక్కువ బాధలు పడ్డది మాత్రం నాదే. ఈ విషయంలో ఎవరైనా పోటీకి వస్తానంటే నేను సిద్ధం.

మగ్గాల వీధిలో మా ఇల్లు. లోపలి గదిలో గుంత మగ్గం, ముందరి గదిలో నా కంప్యూటర్, మధ్యలో ఒక గోనెపట్టా. మా వంశంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టని మొదటి మగవాణ్ణి నేనే. నడుం నొప్పి అని నేను చెప్పుకునేవాణ్ణి. బద్ధకం అని మా పెద్దనాయన చెప్పేవాడు. మగ్గం మీద మా ఇంటామె కూర్చునేది. నేను ముందరి గదిలో పెండ్లికార్డులు, బడి ప్రశ్నపత్రాలు, మండలాఫీసుకు ఇచ్చే అర్జీలు టైపు చేసేవాణ్ణి.

పైకప్పు రేకులు. ఏప్రిల్ వచ్చిందంటే సూర్యుడు ఊళ్ళో మిగతా ఇళ్ళకు చుట్టపుచూపుగా వచ్చిపోయి, మా రేకుల మీద మాత్రం పక్క పరుచుకునేవాడు. నేను ఉన్నదానికి ఒక్క పోగు కూడా కలిపి చెప్పే మనిషిని కాను. మధ్యాహ్నం పూట మా గోడ మీది బల్లి ఒక కాలు దింపి ఒక కాలు ఎత్తి నిలబడేది. బిందెలో చెయ్యి పెడితే, ఇంక బియ్యం పోయడమే తరువాయి అనిపించేది.

అటువంటి గదిలో పదకొండు గంటలయ్యేసరికి కంప్యూటర్ ఒక్కసారి నిట్టూర్చి, దానంతట అదే ఆరిపోయేది. నిట్టూర్పు అంటే నిట్టూర్పే, ముసలమ్మ అరుగు మీద చతికిలపడ్డట్టు. మళ్ళీ వెలిగిస్తే అయిదు నిమిషాలు బతికేది. ఒకసారి పెండ్లికార్డులో పెండ్లికూతురి వివరాలన్నీ పెట్టి పెండ్లికొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయింది. ఆ పిల్ల మేనమామ రెండు గంటలు మా అరుగు మీద కూర్చుని, ఇది శకునమా కాదా అని వచ్చేపోయేవాళ్ళందరినీ అడిగాడు.

పెండ్లికార్డుల సంగతైతే నేను ఇంత బాధపడను. ఆ డబ్బాలో ఇంకొకటి ఉండేది. అదే అసలు సంగతి.

మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, పెద్దమ్మ పోయినప్పటి నుంచీ మాతోనే ఉండేవాడు. ఆయన చీరలు నేసేవాడు కాదు, చీరలకు అంచులు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఎర్ర చుక్క పెట్టిన గడి దగ్గర పోగు ఎత్తాలి, ఖాళీ గడి దగ్గర విడవాలి. ఆ కాగితం చూసి అట్టలకు తూట్లు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితే అంచులోకి నెమళ్ళు, రుద్రాక్షలు, కోటకొమ్మలు వస్తాయి. నలభై ఏండ్లు ఆయన షావుకార్లకు అట్లా గీసి ఇచ్చాడు. అవి షావుకార్లవి. కానీ ఒక ట్రంకుపెట్టె నిండా తన కోసం గీసుకున్నవి ఉండేవి. వాటిని ప్రతి షావుకారుకూ చూపించాడు. "మస్తుగున్నయి. కాని గింత సన్నపు పని ఎవరు నేస్తరు? అట్టలే బండెడైతయి" అని ప్రతి షావుకారూ తిప్పి పంపాడు. ఒక్కటి కూడా చీరకెక్కలేదు.

అన్నిటిలో ఆయనకు ప్రాణం ఒక హంస. మామూలుగా అంచులో హంసలు చీమల్లాగా ఒకదాని వెనక ఒకటి ముందుకు చూస్తూ పోతాయి. ఈ హంస మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తుంది.

"ఎవలను చూస్తుంది పెద్దనాయినా?" అని అడిగాను ఒకసారి.

"ఎనక నేసిన చీరను. సక్కగ వచ్చిందా లేదా అని. నీ తీరు ఎనక ముందర చూడని పక్షి కాదది."

ఆయన కండ్లు పోతున్నాయి. కర్నూలు దవాఖానలో చూపిస్తే, ఇది పొర కాదు, లోపల నరమే ఎండిపోతోంది, కోసి తీసేది కాదు అన్నారు. సరిగ్గా ఆ చలికాలమే ఒక షావుకారు కొంచెం మెత్తబడ్డాడు. "గా గళ్ళ కాయితాలు చూసే ఓపిక నాకు లేదు. కంప్యూటర్ల ఎక్కించి, రంగులేసి అచ్చు తీస్కరా. మంచిగనిపిస్తే శ్రావణం లోపట ఒకటి నేపిస్త" అన్నాడు. ఒక షావుకారు మాట ఇవ్వడం అదే మొదలు. పెద్దనాయనకు అదే ఆఖరని మా అందరికీ తెలుసు.

చలికాలమంతా మేమిద్దరం అదే పని. ఆయన భూతద్దం పట్టుకుని వరుస వరుసా చదివేవాడు: "రెండెత్తు, ఒకటి ఇడువు, మూడెత్తు, నాలుగిడువు." నేను తెర మీద గడులు నింపేవాణ్ణి. నా వేలు అరిగిపోయి రెండో కణుపు నుంచి పని చేయవలసి వచ్చింది. చిన్నవీ పెద్దవీ కలిపి వందకు తక్కువ లేవు. ఉగాదికి ముందు ఆఖరి అంచు ఎక్కింది. ఆ రోజు ఆయన తెరకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఇవి ఎన్నేండ్లుంటయిరా గిండ్ల?"

"వందేండ్లుంటయి పెద్దనాయినా. చెదలు పట్టదు, చిరగదు, నీళ్ళల్ల నానదు."

నేను అన్న ఈ మాటను రాతి మీద చెక్కించి నా మెడకు కట్టినా తప్పులేదు.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. దేవుడి గూట్లోకి కొత్త పటం వస్తే పాత పటాన్ని చెత్తలో వేయరు, కృష్ణానదిలో కలుపుతారు. ఒకే దేవుణ్ణి ఒకే ఇంట్లో సగం చిరిగినవాణ్ణి ఒకచోట, కొత్తవాణ్ణి ఒకచోట పెట్టకూడదంటారు. పెద్దనాయన కాగితాలు అప్పటికే చెదలు తిని, మడతల దగ్గర పొట్టుపొట్టు అవుతున్నాయి. "కొత్త పటం వచ్చింది గద, పాతది పోవాలె" అన్నాడు. ఆపవలసినవాణ్ణి నేను. ఆపకపోగా నా స్కూటర్ మీదే పెట్టెను తాళ్ళతో కట్టుకుని, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని బీచుపల్లి తీసుకుపోయాను. ఆంజనేయుడికి ఒక కొబ్బరికాయ కొట్టి, రేవులో దిగాం. ఎండాకాలపు కృష్ణ, మోకాలి లోతు కూడా లేదు. కాగితాలు పోనంటే పోను అని రాళ్ళకు అతుక్కున్నాయి. నేను కర్ర పట్టుకుని ఒక్కొక్కదాన్నీ తోశాను. హంస కాగితం రెండుసార్లు తిరిగి మా కాళ్ళ దగ్గరికే వచ్చింది. మూడోసారి గట్టిగా పొడిచాను.

ఇంత తెలివైనవాడివి, ఇంకొకచోట నకలు పెట్టుకోలేదా అని మీరు అడుగుతారు. ఎందుకు పెట్టుకోలేదు? ఫ్లాపీల మీద ఎక్కించి, మా రేకుల కింది గూట్లో భద్రంగా దాచాను. మే నెలలో తీసి చూస్తే ఒక్కొక్కటీ ఎండబెట్టిన వడియంలాగా వంకర తిరిగి ఉన్నాయి. రంగుల అచ్చు మాత్రం, అన్నీ సరిచూసుకుని ఒక్కసారే హైదరాబాదు పోయి తీయిద్దామని ఆగాను. సరిచూడాలంటే కంప్యూటర్ కనీసం గంటసేపు ఆరిపోకుండా వెలగాలి. అది వెలగదు. శ్రావణం దగ్గర పడుతోంది.

మొదటి చికిత్సగా డబ్బా పక్కరేకు విప్పి, ఎదురుగా బల్లమీది ఫ్యాను పెట్టాను. చల్లబడింది. మూడు రోజుల తర్వాత మళ్ళీ నిట్టూర్పు. లోపల చూస్తే, ప్రాసెసర్ మీద చిన్న ఫ్యానూ, దాని కింద వేడిని లాగే అల్యూమినియం రెక్కలూ ఉంటాయి గదా, ఆ రెక్కల మధ్య తెల్లగా దూది. లోపలి గదిలో మగ్గం ఆడినప్పుడల్లా గంజి పెట్టిన పోగుల నుంచి లేచే పొట్టునంతా నా ఫ్యాను పిలిచి మరీ లోపల కూర్చోబెట్టింది. కోడిపిల్లకు సరిపడా పరుపు తయారైంది.

మా ఇంటామె మగ్గం దిగి వచ్చి చూసింది. "నా రెక్కలు పడిపోతున్నా గా ఫ్యాను ఎన్నడన్న ఇటు తిప్పినవా? దీని రెక్కలకు మాత్రం గాలి ఇసురుతున్నవు."

"అది ఆగితే పెద్దనాయిన అంచులు ఆగుతయి."

"నేనాగితే బువ్వ ఆగుతది. జర గది గూడ యాది పెట్టుకో."

అప్పుడు పెద్దనాయన గోడకు ఆనుకుని కూర్చున్నచోటి నుంచే తీర్పు చెప్పాడు. "అరేయ్, ఎండకాలం పోగు ఎందుకు తెగుతది?"

"గాలి పొడిగుంటది కాబట్టి."

"అప్పుడు మనమేం జేస్తం?"

"గుంతల నీళ్ళు జల్లుతం. మగ్గం చుట్టు తడిబట్ట కడ్తం."

"మరి నీ డబ్బా ఎందుకు తెగుతుంది? దానికీ పొడిగాలే కొడుతున్నవు. తడిగాలి పెట్టు. నలభై ఏండ్లసంది తెల్సిన ముచ్చట చెప్తున్న."

కరెంటు డబ్బాకు తడిగాలి పెట్టమనే ఆలోచన ప్రపంచంలో మరే ఊరివాళ్ళకూ రాదు. మా వీధిలో వస్తుంది. ఎందుకంటే మా వీధిలో తడి అనేది మందు. పుట్టినప్పటి నుంచీ ఎండలో తెగే ప్రతిదాన్నీ తడితోనే బతికించుకున్నవాళ్ళం. ఆయన మాట నాకు వేదంలాగా వినిపించింది.

ధాన్యం డబ్బాలూ కూలర్లూ చేసే చాచా దుకాణం బస్టాండు పోయే దారిలో ఉండేది. డబ్బాను మోసుకుపోయి ఆయన ముందు పెట్టాను. చాచా దాన్ని నాలుగు వైపులా తట్టి చూశాడు, పుచ్చకాయ కొనేవాడిలాగా.

"రేకు మస్తు పల్చగుంది బేటా. ఇంతకంటె నా నూనె డబ్బా నయం. ఏం జెయ్యాలె?"

"లోపటికి చల్లగాలి పోవాలె చాచా."

"అంటే కూలర్. గంత సుత్తి ఎందుకు చెప్తవు? మనిషికి చేస్త, బర్లకొట్టానికి చేస్త, దీనికి చెయ్యనా?"

చాచా వెనకవైపు రేకు కోసి, తుక్కులో దొరికిన ఒక చిన్న ఫ్యాను బిగించాడు. బస్సులో డ్రైవర్ మొహానికి ఎదురుగా తిరుగుతుందే, ఆ ఫ్యాను. కంప్యూటర్ పవర్ సప్లైలోంచి వచ్చే పసుపు వైరుకు తగిలించగానే అది ఎంత గట్టిగా తిరిగిందంటే, డబ్బా కర్నూలు దిక్కు కదులుతుందేమోనని నేను రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ ఫ్యాను లోపలి వేడిని బయటికి తోస్తుంది. లోపలికి గాలి రావడానికి పక్కరేకుకు తూట్లు కొట్టాలి. ఆ పక్కరేకులోనే ఒక మూలన కోతకు గుండ్రంగా గీత గీశాడు, అక్కడ మూరెడు పొడవు రేకు గొట్టం రావాలి. గొట్టం మూతికి నీళ్ళ బేసిన్లో ఒక అంచు మునిగిన తడిగుడ్డ. తర్వాత చూసినవాళ్ళందరూ దాన్ని తొండం అన్నారు.

తూట్ల దగ్గర, నా వెంట వచ్చిన పెద్దనాయన అడ్డం పడ్డాడు. "ఎట్లనో తూట్లు కొడ్తున్నవు గద. ఉత్తగ ఎందుకు కొడ్తవు? హంసను కొట్టు. గడికొక తూటు."

చాచా నవ్వాడు. "అన్నా, డబ్బాకు చీర కడ్తవా?"

"ఏ చీరకూ ఎక్కలే గద. డబ్బాకన్న ఎక్కనీ."

దానికి చాచా నవ్వలేదు. మరునాడు పొద్దున్నే, ఇంకా ఎండ ముదరకముందే, మేకులూ సుత్తీ తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నేను తెర మీద హంసను పెట్టి వరుస వరుసా చదివాను. చాచా రేకు మీద గళ్ళు గీసుకుని, నేను ఎత్తు అన్న ప్రతిచోటా మేకు దించాడు. పెద్దనాయన ప్రతి వరుసకూ తల ఊపాడు. కాళ్ళు వచ్చాయి, పొట్ట వచ్చింది, మూడు మడతల తోక వచ్చింది, మెడ సగం లేచింది. సరిగ్గా అక్కడ సుత్తి ఆగింది. మెడకు పైన గుండ్రంగా గీసి ఉన్న గీత దగ్గర.

"బేటా, ఈడ తొండం రావాలె. తొండం పెట్టాల్నా, తలకాయ పెట్టాల్నా? రెండిట్ల ఒకటి చెప్పు."

"తలకాయ లేకుంట ఎట్లరా?" అన్నాడు పెద్దనాయన.

తొండం జరిపితే గాలి ప్రాసెసర్ మీద పడదు. నేను ఇంజనీరులాగా ఆలోచించాను. "పెద్దనాయినా, తలకాయ కంప్యూటర్ల ఉండనే ఉంది గద. యాడికి పోతది? గాలి రానియ్యి ముందుగాల."

చాచా అక్కడ గుండ్రంగా కోసేశాడు. హంస మెడ తొండం నోట్లోకి పోయింది.

ఇక్కడ మీరు నా మాట నమ్మాలి. అది పని చేసింది! తడిగుడ్డ కట్టిన రోజు పొద్దున ఎనిమిదికి వెలిగించిన కంప్యూటర్ సాయంత్రం దాకా ఆరలేదు. తడిగుడ్డ చుట్టూ కూడా చల్లబడి, మా ఇంటి పిల్లి వచ్చి డబ్బా పక్కన పడుకుంది. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తొండం ముందు మొహం పెట్టి చూసి పోయారు. పెద్దనాయనైతే వచ్చినవాళ్ళందరికీ తడిగాలి సిద్ధాంతం చెప్పేవాడు. నేను అక్షరం పొల్లుపోకుండా అవునవును అనేవాణ్ణి. పదకొండు రోజులు అట్లా గడిచాయి. ముక్కాలు వంతు అంచులు సరిచూశాం. హంస మీద ఒక్క గడి కూడా తప్పు లేదు. గురువారం కొత్త ఫ్లాపీల మీద ఎక్కించి, శుక్రవారం హైదరాబాదు బస్సెక్కి అచ్చు తీయిద్దామనుకున్నాం.

బుధవారం మధ్యాహ్నం డబ్బాలోంచి గంజి కాగుతున్న వాసన వచ్చింది.

వంటింట్లోంచి అనుకున్నాను. "పొయ్యి మీద గంజి మాడుతుంది, చూడు" అని కేకేశాను.

"ఇయ్యాల నేను గంజే కాయలే" అంది మా ఇంటామె మగ్గం మీది నుంచి.

ఆ మాట అయిపోయేలోపు డబ్బాలోపల టప్పుమంది. తూట్లలోంచి పొగ లేచింది, కాళ్ళలోంచి, పొట్టలోంచి, తోకలోంచి. చుట్టూ చేరిన నలుగురికీ హంస ఆకారంలోనే పొగ కనిపించింది. ఇది మాత్రం నేను కలిపి చెప్పడం లేదు. తెర నల్లబడింది. ఫ్యాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఆగింది. పెద్దనాయన గోడ దగ్గరి నుంచి అడిగాడు, "ఏందిరా గా సప్పుడు?" నేను ప్లగ్గు పీకాను. కండ్లు సరిగ్గా కనపడని మనిషి ముందు నోరు మూసుకుంటే ఎంత అన్యాయమో నాకు ఆ రోజు తెలిసింది.

విప్పి చూస్తే లోపలంతా జిగురు. పొట్టులో ఉన్న గంజి, తడిగాలి తగిలి నాని, వేడికి ఉడికి, బోర్డు మీదా పవర్ సప్లై లోపలా పేరుకుంది. మా ఇంటామె పోగులకు పెట్టే గంజి కూడా అంత చిక్కగా ఎప్పుడూ కుదరలేదు.

మరునాడు పొద్దున మేమిద్దరం డబ్బాను దుప్పట్లో చుట్టుకుని వనపర్తి బయలుదేరాం. ఆయన్ను రావద్దన్నాను. "నా పానం దాంట్ల పెట్టి నన్ను ఇంట్ల ఉండమంటవా?" అన్నాడు. బస్సులో కండక్టరు తొండాన్ని చూసి, "ఇదేంది, పెండ్లి బ్యాండా?" అని అడిగాడు. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతున్నప్పుడు పెద్దనాయన, "నది వచ్చిందా?" అన్నాడు. వచ్చింది అన్నాను. కిందికి చూశాను. నీళ్ళు ఇంకా తగ్గి రాళ్ళు బయటపడ్డాయి. రాళ్ళ మధ్య తెల్లగా ఏదో కనిపించి నేను సీట్లోంచి సగం లేచాను. కొంగ.

వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన మూత తీసి, వేలితో గీకి, వాసన చూశాడు.

"అన్నా, నేను లోపట చీమలు చూసిన, బల్లి గుడ్లు చూసిన, ఒకసారి తేలును గూడ చూసిన. గంజి ఎట్ల వచ్చిందన్నా?"

చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి బయటికి పోయి, పక్క దుకాణంలో నీళ్ళు తాగి వచ్చాడు. తర్వాత హార్డ్‌డిస్క్ విప్పి, వేరే కంప్యూటర్‌కు తగిలించి చూశాడు. నవ్వు పోయింది. "పవర్ సప్లై పోతపోత దీన్ని గూడ కొట్టింది. నాతోని కాదు. నాగర్‌కర్నూల్‌ల ఒకాయన గీ హార్డ్‌డిస్క్‌లే చూస్తడు, పోయిరాండ్రి."

నాగర్‌కర్నూల్ బస్సులో సీటు దొరకలేదు. పెద్దనాయన హార్డ్‌డిస్క్‌ను ధోవతి కొంగులో ముడివేసుకుని రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. నేను డబ్బాతో నిలబడ్డాను. ఎవరో లేచి సీటిస్తే, ఆయన కూర్చోలేదు. ఊపుకు అదిరిపోతుందని, నిలబడి మోకాళ్ళు వంచి ఊపు కాచుకుంటూ వచ్చాడు. బిజినేపల్లి దాటేదాకా నేను ఆయన మోకాళ్ళనే చూశాను.

నాగర్‌కర్నూల్ ఆయన మాటకారి కాదు. హార్డ్‌డిస్క్‌కు కరెంటు ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నాకు కూడా వినిపించింది. టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగుతుంది, మళ్ళీ టిక్కు టిక్కు. పెద్దనాయన మొహం ఒక్కసారి వెలిగింది.

"ఆడుతుంది గద!" అన్నాడు. ఆయనకు ఆ చప్పుడు మగ్గం చప్పుడులాగా వినిపించింది.

"ఆడుతలేదు పెద్దమనిషి. లోపట చదివే ముల్లు విరిగింది. విరిగిన ముల్లు పళ్ళేన్ని గీకుతుంది. నువ్వు నడిపించిన కొద్ది చెరిగిపోతది." కరెంటు తీసేశాడు. "హైదరాబాద్ పోయినా గిదే చెప్తరు. ఏముండె దీంట్ల? ఫోటోలా?"

నేను నోరు తెరిచేలోపు పెద్దనాయన అన్నాడు, "ఏం లేదులే బిడ్డ. పాత కాయితాలు."

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద ఆయన నది వచ్చిందా అని అడగలేదు.

నేను ఓడిపోవడం అలవాటు లేనివాణ్ణి కాదు గానీ, ఊరికే ఓడిపోను, చుట్టూ హడావిడి చేసి ఓడిపోతాను. మరునాడే దస్తాలకొద్దీ గళ్ళ కాగితం కొన్నాను. "నీకు నోటికి వస్తయి గద, చెప్పు, నేను రాస్త. వందల పదన్న వస్తయి. కనీసం హంస" అన్నాను. డబ్బా పక్కరేకు విప్పి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన వేళ్ళతో తూట్లు తడుముతూ మొదలుపెట్టాడు. రెండెత్తు, ఒకటి ఇడువు. కాళ్ళు దిగాయి. పొట్ట దిగింది. తోక మూడు మడతలూ చూపున్నవాడికంటే చకచకా దిగాయి. మెడ లేచింది. ఆయన వేళ్ళు చాచా కోసిన గుండ్రటి కంతలోకి జారి, అవతల గాలిని పట్టుకున్నాయి.

"ఇంక నువ్వే యాది చేసుకోవాలె" అన్నాను.

ఆయన చెప్పాడు. నేను రాశాను. మొదటిసారి వచ్చిన తల చిలకది. రెండోసారి ముక్కు పొడుగై కొంగ అయింది. మూడోసారి మెడ వెనక్కి తిరగలేదు, ఎదురుగా చూసింది. నాలుగోసారి లెక్క కలవలేదు, వరుసకు ఒక గడి ఎక్కువ వచ్చింది. వరుసకొక గడి ఎక్కువంటే, చీర పూర్తయ్యేసరికి హంస చీరలోంచి నడిచిపోతుంది.

"కోడి తలన్న పెట్టుండ్రి, ఎవలు చూస్తరు?" అంది మా ఇంటామె. పరాచికానికే అంది. లోపలికి పోయింది. చాలాసేపు మగ్గం చప్పుడు రాలేదు.

వారం రోజులు చేశాం. మిగతా అంచుల్లో అయిదారు వరుసలకు మించి ఏదీ రాలేదు. ఆయనకు అవి నోటికి వచ్చేవి కావు. కంటికి వచ్చేవి. ఎనిమిదో రోజు నేను కాగితం పరచగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడిసిపెట్టురా. ఇది హంస కాదు. తెల్వనోడు గీసినట్టుంది."

"నాదే తప్పు పెద్దనాయినా. తొండం కాదు, తలకాయ పెట్టమని అనుంటే..."

"తడిగాలి చెప్పింది నేనే గదరా" అన్నాడు. అంతే. ఇంక ఆ సంగతి ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

శ్రావణానికి ముందు నేనొక్కణ్ణే రేకు పట్టుకుని షావుకారు దగ్గరికి పోయాను. ఇంకేం చేయాలో తెలియక పోయాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "అచ్చు తీస్కరమ్మంటే జల్లెడ తెచ్చినవేంది?" అన్నాడు. తర్వాత కంతలో వేలు పెట్టి, "మంచిగుండె కదనయ్యా. తలకాయేది?" అన్నాడు. వెనక 'కాని' తగిలించకుండా మంచిగుంది అని ఒక షావుకారు అనగా నేను విన్నది అదొక్కసారే. వినవలసినవాడు ఇంట్లో ఉన్నాడు. ఇంటికి వచ్చి చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. చెప్పలేదు.

మరుసటి ఏడు ఎండాకాలానికి ఆయనకు వెలుతురూ చీకటీ తేడా మాత్రమే మిగిలింది. నేను ఇంకో కంప్యూటర్ కొన్నాను. దానికి ఒక్క తూటు కూడా కొట్టలేదు. పదకొండింటికి ఆరిపోయేది, సాయంత్రం వెలిగించేవాణ్ణి. పాత డబ్బాలో మా ఇంటామె కోడిని పొదగేసింది. పదమూడు గుడ్లలో పదమూడూ పిల్లలయ్యాయి. గాలి అంత బాగా ఆడేది.

పక్కరేకును మాత్రం వంటింటి కిటికీకి కట్టింది, పిల్లి రాకుండా. తొండం కంతకు ఒక గుడ్డ కుక్కింది. మధ్యాహ్నం ఎండ ఆ కిటికీలోంచి పడి, తూట్లన్నీ చుక్కలై బండల మీద హంస వాలేది. పొద్దు వాలుతుంటే అది పొయ్యి దగ్గరి నుంచి మెల్లగా జరిగి, గడప దాటి, పెద్దనాయన కూర్చునే గోడ దాకా వచ్చేది. ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు, మా ఇంటామే చెప్పి ఉంటుంది. ఒకరోజు కాళ్ళు చాపుకుని కూర్చుని అడిగాడు.

"యాడి దాకొచ్చిందిరా?"

"నీ మోకాళ్ళ మీదికి వచ్చింది పెద్దనాయినా."

మోకాళ్ళ మీద చెయ్యి పెట్టి, ఎక్కడ వెచ్చగా ఉందో తడుముతూ కాసేపు పైకి వెతికాడు. మెడ దగ్గర ఆగాడు. అక్కడి నుంచి అంతా నీడే. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.